కాజాల నుంచి కత్తెర దాకా: ఐటీలో అప్రెంటిస్‌షిప్పా, డిగ్రీయా?

కోల్‌కతా నగరానికి నైరుతి అంచున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్‌ను దర్జీల పేట అనవచ్చు. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా ఇక్కడే స్థిరపడ్డారు. 1887లో చనిపోయేదాకా ఆయన నివాసం ఇదే. ఆయన పరివారంతో వచ్చిన దర్జీలే ఇక్కడి కుట్టుపనికి పునాది వేశారని స్థానికులు చెప్పుకుంటారు. నేడు ఇంటింటా, సందుసందునా కుట్టు మిషన్లే. ఇక్కడ తయారైన రెడీమేడ్ దుస్తులు దేశంలోని అనేక రాష్ట్రాలకు వెళతాయి. కార్ఖానా నడిపే యజమానిని ‘ఉస్తాగర్’ అంటారు.

ఇలాంటి పేటలో పదో తరగతో, పన్నెండో తరగతో పాసైన పిల్లల ముందు ఒక పాత దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కార్ఖానాలో చేరితే వారం తిరక్కుండా చేతికి డబ్బు వస్తుంది. అందుకే ఇక్కడ కంప్యూటర్ రంగం వైపు చూసే కుటుంబానికి ‘మూడేళ్లు డిగ్రీ చదవడమా, ఏడాది అప్రెంటిస్‌గా చేరడమా’ అన్నది ఇష్టాయిష్టాలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మూడేళ్లపాటు ఇంట్లో ఒక సంపాదన లేకుండా గడుస్తుందా అన్నది కూడా అందులోనే ఉంది. పని చేస్తూ నేర్చుకోవడం గురించి, చదివి పనిలోకి వెళ్లడం గురించి జరిగిన పరిశోధనలు ఈ ప్రశ్నకు కొంత స్పష్టమైన సమాధానమే ఇస్తున్నాయి.

దర్జీల దగ్గర దొరికిన సిద్ధాంతం

అప్రెంటిస్ ఎలా నేర్చుకుంటాడన్న దానిపై ప్రసిద్ధమైన పరిశోధనల్లో ఒకటి దర్జీల మధ్యే జరిగింది. అమెరికా మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ 1970లలో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో వాయ్, గోలా తెగల దర్జీల దుకాణాల్లో కుర్రవాళ్లు పని నేర్చుకునే తీరును గమనించారు. అక్కడ పాఠాలు లేవు, పరీక్షలు లేవు. అయినా కొన్నేళ్లకు దాదాపు అందరూ పనివాళ్లయ్యారు.

ఆ నేర్పులో ఒక క్రమం ఉందని ఆమె గుర్తించారు. బట్ట తయారయ్యేది కొలత, కత్తిరింపు, కుట్టు, చివరి హంగులు అనే వరుసలో. నేర్చుకునేవాడు మాత్రం చివరి నుంచి మొదలుపెడతాడు. ముందు గుండీలు కుట్టడం, అంచులు మడవడం. తర్వాత మిషన్ మీద కుట్టు. కత్తెర చేతికి వచ్చేది ఆఖరున. కారణం సులువుగానే అర్థమవుతుంది. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేయవచ్చు. తప్పుగా కత్తిరించిన గుడ్డ మళ్లీ అతుక్కోదు. పైగా గుండీలు కుట్టే కుర్రవాడి చేతిలో ఉన్నది పూర్తయిన చొక్కా. ఏ ముక్క ఎక్కడికి చేరుతుందో అతనికి మొదటి రోజు నుంచే కనిపిస్తుంది.

ఈ పరిశీలనల ఆధారంగా జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ఒక పుస్తకం రాశారు. నేర్చుకోవడమంటే బుర్రలోకి సమాచారం ఎక్కించుకోవడం మాత్రమే కాదని, పని చేసేవాళ్ల సమూహంలో అంచున చేరి మెల్లగా మధ్యకు రావడమని వారు వాదించారు.

సాఫ్ట్‌వేర్ పనిలోనూ దాదాపు ఇదే వరుస ఉంది. కొత్తగా చేరినవారికి మొదట పరీక్షించే పని, వినియోగదారుల ఫిర్యాదులు చూసే పని, ఉన్న ప్రోగ్రామ్‌లో చిన్న తప్పులు దిద్దే పని ఇస్తారు. తర్వాత చిన్న భాగాలు రాయిస్తారు. మొత్తం వ్యవస్థను ఎలా కట్టాలో నిర్ణయించే డిజైన్ పని, అంటే కత్తెర పని, అనుభవం ఉన్నవారి చేతిలో ఉంటుంది.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. దర్జీ చేతులు కనిపిస్తాయి, పక్కన కూర్చుని చూస్తే పని తెలుస్తుంది. ప్రోగ్రామర్ ఆలోచన కనిపించదు. తెర మీద కనిపించేది ఫలితమే. ఈ లోటును అలన్ కాలిన్స్, జాన్ సీలీ బ్రౌన్, సూసన్ న్యూమన్ 1989లో చర్చించారు. కంటికి కనిపించని మేధోపనిలో గురువు తన ఆలోచనను పైకి చెబుతూ పని చేయాలి, శిష్యుడి చేత కూడా అలాగే చెప్పించాలి, ఆసరాను క్రమంగా తగ్గించుకుంటూ పోవాలి అన్నది వారి ప్రతిపాదన. కాబట్టి ఐటీ అప్రెంటిస్‌షిప్‌లో కంపెనీ పేరు కంటే, రాసిన కోడ్‌ను పక్కన కూర్చుని చూసి ‘ఇది ఎందుకు ఇలా రాశావు’ అని అడిగే సీనియర్ ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం. అలాంటి మనిషి లేనిచోట అప్రెంటిస్ ఏడాదంతా గుండీలే కుడుతూ ఉండిపోవచ్చు.

చట్టం ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

భారత్‌లో అప్రెంటిస్‌షిప్ అన్నది వాడుకమాటగా చెప్పే ‘ట్రైనింగ్’ కాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద సంస్థకు, అభ్యర్థికి మధ్య ఒప్పందం కుదిరి నమోదు కావాలి. 30 లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైనవారికి 6,000 రూపాయలు, పన్నెండో తరగతి లేదా ఐటీఐ పాసైనవారికి 7,000, డిప్లొమా వారికి 8,000, డిగ్రీ వారికి 9,000. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025లో సిఫారసు చేసింది. ఐటీఐలో ఏడాదిపాటు నేర్పే ‘కోపా’, అంటే కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ కోర్సు, ఈ చట్టం గుర్తించిన ట్రేడ్‌లలో ఒకటి.

మెటియాబ్రుజ్ పక్కనే దీనికి ఉదాహరణ ఉంది. 1884లో చిన్న కర్మాగారంగా మొదలై 1960లో ప్రభుత్వం చేతికి వచ్చిన గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థ ఈ చట్టం కింద అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడ్‌లతో పాటు కంప్యూటర్ విభాగాలు కూడా దాని ప్రకటనల్లో కనిపిస్తాయి. గార్డెన్ రీచ్ పేరు తెలుగువారికీ కొత్త కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా విశాఖపట్నం కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్ దాని పరిధిలోనే ఉండేది.

అయితే చట్టం ఇవ్వనిది కూడా తెలిసి ఉండాలి. అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే తప్ప ఉద్యోగి కాదు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత, ఒప్పందంలో అలా రాసి ఉంటే తప్ప, సంస్థకు లేదు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. సంస్థ స్టైపెండ్ ఇచ్చేది అప్రెంటిస్‌షిప్. అభ్యర్థి నుంచే ఫీజు తీసుకుని ‘ఇంటర్న్‌షిప్‌తో కూడిన కోర్సు’ అని చెప్పేది వేరే సరుకు. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందా అని అడిగితే ఈ రెంటికీ తేడా వెంటనే తేలిపోతుంది.

మూడేళ్ల ఖరీదు

డిగ్రీకి అయ్యే ఖర్చు అనగానే చాలామంది ఫీజు లెక్క వేస్తారు. అర్థశాస్త్రం దానికి మరొక పద్దు కలుపుతుంది. చదువుకునే కాలంలో వదులుకున్న సంపాదనే ఆ పద్దు. నెలకు 7,000 రూపాయలు వచ్చే పనిని మూడేళ్లు వదులుకుంటే 2,52,000 రూపాయలు పోయినట్టు. డిగ్రీ తర్వాత నెలకు 5,000 అదనంగా వస్తుందని ఊహించుకుంటే, ఆ మొత్తం తిరిగి రావడానికి నాలుగేళ్లకు పైగా పడుతుంది. తేడా 2,500 మాత్రమే అయితే ఎనిమిదేళ్లు దాటుతుంది. ఇది ఉదాహరణకు వేసిన లెక్క మాత్రమే. ఫీజు, వడ్డీ, మధ్యలో పెరిగే జీతం కలిపితే అంకెలు మారతాయి. కానీ ఒక సంగతి మారదు. డిగ్రీ ఒక పెట్టుబడి, దాని ఫలం ఆలస్యంగా వస్తుంది. అంతకాలం ఆగగలిగే కుటుంబానికి, ఆగలేని కుటుంబానికి ఒకే సలహా పనికిరాదు.

తొందరగా వచ్చేది, ఎక్కువకాలం నిలిచేది

ఆలస్యంగా వచ్చే ఆ ఫలం నిజంగా వస్తుందా? ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వోస్‌మన్, వారి సహచరులు 11 దేశాల డేటాను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృత్తి విద్య పొందినవారికి యవ్వనంలో ఉద్యోగావకాశాలు మెరుగ్గా ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ ఆ మెరుగు తగ్గి, చివరికి సాధారణ విద్య పొందినవారే ముందుకు వెళ్లారు. అప్రెంటిస్‌షిప్ బలంగా వేళ్లూనుకున్న జర్మనీ, డెన్మార్క్, స్విట్జర్లాండ్ దేశాల్లో ఈ ధోరణి మరింత స్పష్టంగా కనిపించింది. ఒక పనికి అచ్చుగుద్దినట్టు సరిపోయే నైపుణ్యం, ఆ పని మారిపోతే అంతే త్వరగా అక్కరకు రాకుండా పోతుందన్నది దీనికి వారు ఇచ్చిన వివరణ.

అయితే డిగ్రీ పట్టా ఉంటే చాలని దీని అర్థం కాదు. డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే 2020లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ చదివినవారికి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉండే అదనపు జీతం మొదటి పదేళ్లలోనే సగానికి పైగా తగ్గిపోతుందని తేలింది. ఆ రంగాల్లో కోరే నైపుణ్యాలు వేగంగా మారడమే ఇందుకు కారణం. అంటే పాతబడే గుణం పట్టాను బట్టి కాక నేర్చుకున్న విషయాన్ని బట్టి ఉంటుంది. ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలన్నది కొన్నేళ్లకే పాతబడుతుంది. డేటాను ఏ అమరికలో ఉంచితే వెతకడం సులువు, నెట్‌వర్క్‌లో సమాచారం ఎలా ప్రయాణిస్తుంది, ఒక లెక్కను ఎన్ని అడుగుల్లో పూర్తి చేయవచ్చు అన్నవి దశాబ్దాలు నిలుస్తాయి. ఈ రెండో రకం విషయాలను క్రమపద్ధతిలో నేర్పడానికి తరగతి గది అనువైన చోటు. ఆఫీసులో పని ఒత్తిడి మధ్య వాటికి తీరిక దొరకదు.

దీనికి తోడు కృత్రిమ మేధ వచ్చింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో అమెరికా జీతాల రికార్డులను విశ్లేషించారు. కృత్రిమ మేధ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్లవారి ఉపాధి, ఇతరులతో పోలిస్తే 13 శాతం తగ్గిందని గమనించారు. అనుభవజ్ఞులకు అలాంటి దెబ్బ తగల్లేదు. అది భారత్ లెక్క కాదు గానీ, ఇక్కడ ఈ దారి ఎంచుకునేవారికి పట్టే విషయమే. గుండీలు కుట్టే పని యంత్రానికి పోతే కత్తెర దాకా ఎదిగే మెట్లలో మొదటిది సన్నగిల్లుతుంది. పుస్తకజ్ఞానం మాత్రమే ఉన్న పట్టభద్రుడికీ, చిన్న పనులు మాత్రమే వచ్చిన అప్రెంటిస్‌కూ ఇది సమానంగా కష్టమే.

రెండూ కలిసే దారులు

అందుకే నేటి విధానాలు ఈ రెంటినీ కలపాలని చూస్తున్నాయి. జర్మనీలో ఐటీ అప్రెంటిస్‌షిప్ వృత్తులు 1997లో మొదలయ్యాయి. వారంలో కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో గడపడం అక్కడి పద్ధతి. భారత్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అప్రెంటిస్‌షిప్‌ను కలుపుకున్న డిగ్రీలకు 2025లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్ల దాకా అప్రెంటిస్‌షిప్‌లో గడిపి, దానికి క్రెడిట్లు పొందవచ్చు. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే, 2020లో, డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది.

ముందు పని, తర్వాత చదువు అన్న దారి కూడా మూసుకుపోలేదు. పశ్చిమ బెంగాల్‌లో ఐటీఐ పూర్తిచేసినవారు ‘వోక్లెట్’ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో, డిప్లొమా వారు ‘జెలెట్’ ద్వారా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో డిప్లొమా వారికి ‘ఈసెట్’ ఇలాంటిదే. పని మానకుండా చదవాలనుకునేవారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం బీసీఏ డిగ్రీ ఉంది.

కాబట్టి మెటియాబ్రుజ్‌లోనైనా, మచిలీపట్నంలోనైనా ఒక కుటుంబం అడగాల్సింది ‘ఏది గొప్పది’ అని కాదు. అప్రెంటిస్‌షిప్ అయితే, నేర్పే సీనియర్ ఎవరు, చిన్న పనుల తర్వాత ఏ పని ఇస్తారు, ముగిశాక చదువులోకి తిరిగి వెళ్లే తలుపు ఎక్కడుంది అని అడగాలి. డిగ్రీ అయితే, మూడేళ్లలో నిజమైన పని మీద చేయి పెట్టేది ఎప్పుడు, మూల సూత్రాలు నేర్పుతారా లేక ఈ ఏటి సాఫ్ట్‌వేర్ మాత్రమేనా, అంతకాలం ఇల్లు గడిచేది ఎలా అని అడగాలి. ఇంటికి వెంటనే సంపాదన కావాలంటే నమోదైన అప్రెంటిస్‌షిప్‌తో మొదలుపెట్టడం చిన్నతనం కాదు. అయితే చదువులోకి తిరిగి వెళ్లేది ఏ ఏడాదో కూడా చేరిన రోజే అనుకుని పెట్టుకోవాలి. పనిలో పడ్డాక దాన్ని వాయిదా వేయడం చాలా సులువు, ఆ వాయిదా ఖరీదు తెలిసివచ్చేది చాలా ఏళ్ల తర్వాత.