కాగితానికి వెన్నుదన్ను

పరుషలో బెలూన్ల బోర్డు ముందు గాలితుపాకీ పట్టినవాడికి గురి కుదిరిందో లేదో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. బెలూన్ పేలితే తగిలినట్టు, పేలకపోతే తప్పినట్టు. బోర్డు చెక్కదైనా, దాని వెనక పాత దుప్పటి వేలాడేసినా ఆటగాడికి పట్టదు. కాగితం మీద కాల్చడం మొదలెడితే మాత్రం వ్యవహారం మారిపోతుంది. గుండు ఎక్కడ తగిలింది, మధ్యకు ఎంత దూరంలో పడింది అన్నది తేలాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. దాని మీదికి వచ్చే పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వచ్చినట్టే. ఆ అంచు ఎక్కడ పడిందో సాక్ష్యం చెప్పవలసింది కాగితంలోని చిల్లు. చిల్లు చిరిగిపోతే సాక్ష్యం చెడిపోయినట్టే.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనలు టార్గెట్ కాగితం మెరవకూడదంటాయి. ఎండకూ చెమ్మకూ కొలతలు మారకూడదంటాయి. గుండు దూరినచోట మరీ చిరగకూడదు, వంకర పోకూడదంటాయి. మొదటి రెండూ కాగితం తయారీలో తీరే షరతులు. మూడోది తీరాలంటే కాగితానికి వెనక నుంచి తోడు కావాలి.

ఒక జిరాక్స్ కాగితం మీద వలయాలు గీసి, రెండు క్లిప్పులతో తీగకు వేలాడదీశారనుకోండి. గుండు మొన తాకగానే కాగితం దానితోపాటు వెనక్కి పోవాలని చూస్తుంది. కొంత సాగుతుంది, ఇక సాగలేక పగులుతుంది. నాలుగైదు వైపులకు చీలి నక్షత్రంలా విచ్చుకుంటుంది. చీలిన రేకులు మళ్లీ ముందుకు వాలితే చిల్లు గుండు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. చీలిక లోపలి వలయం దాకా పాకితే రాని మార్కు వచ్చినట్టు కనిపిస్తుంది. అదే కాగితాన్ని ఒక అట్టకు బిగువుగా అంటించి కాల్చితే గుండు చుట్టూ ఉన్న భాగం కదలదు. గుండు మొన కింద పడిన ముక్క మాత్రం తెగి పోతుంది.

వేగం కూడా ఇందులో కలుస్తుంది. పాయింట్ 22 రైఫిల్ గుండు బరువు దాదాపు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 320 మీటర్ల చుట్టుపక్కల. నాలుగు మిల్లీమీటర్ల మందం అట్టను అది దాటడానికి పట్టే కాలం సెకనులో ఎనభై వేలో వంతు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వేగం అందులో సుమారు సగం, కాబట్టి కాగితానికి సాగడానికి ఎక్కువ తీరిక దొరుకుతుంది. అందుకే ఎయిర్ రైఫిల్ టార్గెట్లను పలుచని కాగితం మీద కాకుండా చిన్న అట్టముక్కల మీద అచ్చు వేస్తారు, పోటీ పెల్లెట్ మొనను సూదిగా కాకుండా చదునుగా చేస్తారు. చదును మొన పోగులను తోసుకుపోదు, కోసుకుపోతుంది.

ఈ వెనక అట్ట విషయంలో చాలామంది రెండు పనులను కలగలిపేస్తారు. దాని పని కాగితాన్ని పట్టుకోవడం, అంతే. గుండును ఆపే పని ఇంకా వెనకున్న మట్టికట్టది. ఫైరింగ్ రేంజిలో దాన్ని బట్ అంటారు. అట్ట గట్టిగా ఉంటే మంచిదే కదా అని ఇనప రేకునో మందపాటి చెక్కనో పెట్టేవాడు గుండుకు అడ్డం వెళ్తున్నాడు. అది వెనక్కి ఎగరవచ్చు, పక్కకు జారవచ్చు, చెక్క పేళ్లు లేవవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ గుట్టలను చూసి, ఇంతకంటే మంచి బట్ ఎక్కడ దొరుకుతుంది అనుకునేవాళ్లూ ఉంటారు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు ఆ గుట్టల అండనే నమ్ముకుని రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. కోటకు పనికొచ్చిన బండరాయి ఫైరింగ్ రేంజికి మాత్రం పనికిరాదు. రాయి మీద పడిన గుండు ఏ దిక్కుకు తిరుగుతుందో చెప్పలేం. రాళ్లు ఏరేసిన మెత్తటి మట్టి, ఇసుక కావాలి. అక్కడ గుండు దిగబడి ఆగిపోతుంది.

కాగితానికి అడుగడుగునా ఆసరా ఇవ్వాలి, దూసుకొచ్చేదానికి ఎక్కడా అడ్డు రాకూడదు. వినడానికి పొంతన లేని ఈ రెండు షరతులనూ ఒకేసారి తీర్చే యంత్రం అదే జిల్లాలో, ధర్మవరం ఇళ్లలో ఉంది. అది జకార్డు మగ్గం. మగ్గం నెత్తిన, దారాలతో వరసగా కుట్టిన చిల్లుల అట్టలు వేలాడుతుంటాయి. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట ముందుకు వస్తుంది. సూదుల వరసలు దానికి ఎదురుగా ఉంటాయి. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం లేచి పడుగు పోగులను పైకి ఎత్తుతుంది. చిల్లు లేనిచోట అట్ట ఆ సూదిని వెనక్కి నెడుతుంది, అక్కడి పోగులు లేవవు. పట్టుచీర అంచులో నెమలి వచ్చినా మామిడి పిందె వచ్చినా ఆ చిల్లుల లెక్కే.

అన్ని సూదులు ఒక్కసారి ఒత్తితే ఆ అట్ట ఎందుకు వంగిపోదు? దాని వెనక సిలిండర్ ఉంది. పేరుకు సిలిండరే కానీ ఆకారంలో నాలుగు ముఖాల దిమ్మ. ఒక్కో ముఖం మీద, ప్రతి సూదికి ఎదురుగా ఒక రంధ్రం. అట్ట దాని మీద బల్లపరుపుగా ఆనుకుంటుంది. చిల్లు ఉన్నచోట సూది అట్టనూ దాటి సిలిండర్ రంధ్రంలోకి పోతుంది, మిగతా అట్టను దిమ్మ మోస్తుంది. ఫ్రాన్స్‌లోని లియోన్ పట్టు నేతగాళ్ల మధ్య జోసెఫ్ మేరీ జకార్డ్ ఈ యంత్రానికి 1804లో రూపం ఇచ్చాడు. అంతకు ముందే, 1725లో, బసీల్ బూషోన్ అనే మరో లియోన్ మనిషి చిల్లుల కాగితపు చుట్టతో మగ్గం నడిపించే ప్రయత్నం చేశాడు. పలుచని చుట్టను వదిలి అట్టల వైపు మళ్లడంలో, చిల్లును కాపాడాలంటే కాగితంలో పట్టు ఉండాలన్న అనుభవం ఉంది. వానాకాలంలో అట్టలు చెమ్మకు ఉబ్బితే చిల్లు సూదికి ఎదురు పడక నేతలో తప్పు దొర్లుతుంది. కొలతలు మారకూడదన్న షూటింగ్ నిబంధన ధర్మవరం నేతగాడికి ఎవరూ చదివి వినిపించాల్సిన అవసరం లేదు.

కాగితానికి ఆసరా ఇచ్చే ఈ తెలివి తుపాకీ గురికి చాలా ఆలస్యంగా అబ్బింది. 1860 జూలై 2న లండన్ దగ్గర వింబుల్డన్ మైదానంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మొదటి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. దిమ్మ మీద బిగించిన విట్‌వర్త్ రైఫిల్ ట్రిగ్గరుకు కట్టిన పట్టుతాడును ఆమె లాగితే, 400 గజాల దూరంలోని టార్గెట్ మీద గుండు మధ్యకు ఒకటింబావు అంగుళం దూరంలో పడిందట. నిజం చెప్పాలంటే ఆ గురి ఘనత రాణిది కాదు, రైఫిలును సరిచేసి పెట్టినవాడిది. ఆ టార్గెట్ ఇనుముతో చేసినది. సున్నం పూసిన ఇనప పలక మీద సీసం గుండు పగిలి మచ్చ పడేది. మచ్చను చూసి మార్కులు వేసి, మళ్లీ సున్నం కొట్టేవాళ్లు. సీసం తునకలు చుట్టూ చిమ్మేవి కాబట్టి మార్కులు చూసేవాడికి ఇనప గూడు కట్టాల్సి వచ్చేది.

తరవాతి దశాబ్దాల్లో ఇనుము పోయి గుడ్డ వచ్చింది. చెక్క చట్రానికి కాన్వాస్ గానీ గోనెపట్ట గానీ బిగించి, దాని మీద జిగురుతో కాగితం అంటించడం మొదలైంది. తడి ఆరేకొద్దీ కాగితం బిగుసుకుంటుంది. గుండు ఆగదు, చిమ్మదు, చిల్లు పెట్టి మట్టిలోకి పోతుంది. మార్కులు చూసేవాళ్లు కందకంలో కూర్చుని చట్రాన్ని దించి, చిల్లు చూసి, చిన్న కాగితం ముక్క అంటించి మళ్లీ పైకి లేపుతారు. పలకకు సున్నం కొట్టే పని చిల్లుకు అతుకు వేసే పనిగా మారిందన్నమాట. ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ 22 రైఫిల్ కాల్చినవాళ్లకు ఈ చట్రాలూ, బట్ పార్టీ అన్న మాటా గుర్తుండే ఉంటాయి. అక్కడ కేడెట్‌కు మొదట నేర్పేది గ్రూపింగ్. గుండ్లు మధ్యలో పడకపోయినా సరే, ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది చూస్తారు. కాగితం చిరిగితే గ్రూపును కొలవడం ఎట్లా?

ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడే వెనక అట్ట మన ఇంట్లో టీవీ వచ్చిన డబ్బాలోదే. ముడతల అట్ట పుట్టింది గురి కోసమూ కాదు, సరుకు కోసమూ కాదు. 1856లో ఇంగ్లండ్‌లో హీలీ, అలెన్ అనే ఇద్దరు మగవాళ్ల పొడవాటి టోపీల లోపలి అంచుకు వాడేందుకు ముడతల కాగితానికి పేటెంట్ తీసుకున్నారు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని గాజు సీసాలకు చుట్టాడు. 1874లో ఆలివర్ లాంగ్ ముడతలకు చదునైన కాగితం అతికించాడు. టార్గెట్‌కు కావలసిన గుణం దానితోనే వచ్చింది. పైన చదునుగా కాగితాన్ని మోసే పొర, లోపల గుండుకు అడ్డం రాని గాలి.

హిందూపురం బజారులో ఏ ఎలక్ట్రికల్ అంగడి ముందైనా ఈ అట్ట దొరుకుతుంది. త్రీ ప్లై అంటే రెండు చదును పొరల మధ్య ఒక ముడత, ఫైవ్ ప్లై అంటే మూడు చదును పొరల మధ్య రెండు ముడతలు. కాగితం టార్గెట్‌కు త్రీ ప్లై చాలు, ముడతలు సన్నగా ఉంటే మరీ మంచిది. ఫైవ్ ప్లై వంగకుండా నిలబడుతుంది కాబట్టి పెద్ద టార్గెట్లకు నయం. రెంటిలోనూ ముడతలు నిలువుగా ఉండేలా కోసుకోవాలి, అడ్డంగా ఉంటే మధ్యలో వాలిపోతుంది. కాగితాన్ని నాలుగు మూలలా పిన్ను కొట్టి వదిలేస్తే అట్ట ఉండీ లేనట్టే. మధ్యభాగం కూడా అట్టను అంటుకుని ఉండాలి. పలచగా పూసిన మైదా జిగురు సరిపోతుంది.

అట్టకు శత్రువులు రెండు. ఒకటి చెమ్మ. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో దాని బాధ తక్కువే. రెండోది గాలి, దానికి మాత్రం ఇక్కడ కరువు లేదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పాతలేదు. నాలుగడుగుల చదరపు టార్గెట్‌కు గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే పడే తోపు లెక్కకు సుమారు పది కిలోల బరువంత వస్తుంది. ఆషాఢంలో అట్ట ఊగితే కాగితమూ ఊగుతుంది, గురి కుదిరినా గుండు పక్కన పడుతుంది. వెనక అట్ట కంటే దాన్ని పట్టుకునే చట్రం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నేను అనేది ఇందుకే. చట్రం కర్రదై, గుండు దారికి బయట ఉండాలి.

వాన పడే ఊళ్లలో పీపీ షీటు వాడతారు. అట్టలాగే లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే ప్లాస్టిక్ పలక అది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలెట్టిన కియా లాంటి పరిశ్రమల లోకంలో విడిభాగాలు తిరిగే డబ్బాలకు ఈ షీటు మామూలు సరుకు. నీటికి నానదు, చాలాకాలం నిలబడుతుంది. కానీ నున్నటి ప్లాస్టిక్‌ను జిగురు పట్టదు, పిన్నులో టేపో కావాలి, కాగితం మధ్యలో వదులుగా మిగిలిపోతుంది. ఎక్కువ రోజులు మన్నుతుందని కొంటే చిల్లు శుభ్రత తగ్గుతుంది. థర్మాకోల్ తేలిక, కానీ రేణువులు రాలి మధ్యలో గుంట పడుతుంది. పలుచని ప్లైవుడ్ ఎక్కువ కాలం వస్తుంది, పేళ్లు లేచాక మాత్రం అదే కాగితాన్ని వెనక నుంచి పొడుస్తుంది. ఫ్లెక్సీ గుడ్డకు ఏ ఊళ్లోనూ కొదవ లేదు, ఎన్నికలయ్యాక ఊరికే దొరుకుతుంది. అయినా దాని జోలికి పోకపోవడం మేలు. ప్లాస్టిక్ పూత సాగి మూసుకుంటుంది, లోపలి పోగులు పీకుకొస్తాయి.

ఏ సరుకైనా అరిగేది మధ్యలోనే. మంచి షూటర్ చేతిలో అట్ట త్వరగా చస్తుంది, ఎందుకంటే గుండ్లన్నీ ఒకేచోట పడతాయి. చుట్టూ కొత్తగానే ఉంటుంది, నడుమ బొక్క పడుతుంది. ఆ బొక్క మీద అంటించిన కొత్త కాగితం మళ్లీ తీగకు వేలాడిన కాగితంతో సమానం. పెద్ద అట్టను పారేయకుండా నడుమ ఒక చదరాన్ని కోసి తీసి, అక్కడ అరచేతి వెడల్పు ముక్కను మారుస్తూ పోవడం తెలివైన పద్ధతి. తీసేసిన ముక్కలో సీసం తునకలు ఉండొచ్చు కాబట్టి దాన్ని పొయ్యిలో వేయకూడదు, కాల్చడం అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

పోటీల్లో ఇంకో అట్ట కూడా ఉంటుంది, దాని పని వేరు. 50 మీటర్ల రేంజిలో టార్గెట్‌కు అర మీటరు నుంచి మీటరు దూరం వెనక మరో కాగితం నిలబెడతారు. అది నిఘా కాగితం. ఒక్కొక్కసారి పక్క వరసలో ఉన్నవాడు పొరపాటున మన టార్గెట్‌ను కాలుస్తాడు. ముందు కాగితం మీద రెండు చిల్లులూ ఒకేలా ఉంటాయి, ఎవరిది ఏదో తేలదు. వరసల మధ్య దూరం 1.25 మీటర్లనుకోండి. పక్కనుంచి ఏటవాలుగా వచ్చిన గుండు మీటరు వెనక్కి పోయేసరికి, నేరుగా వచ్చిన గుండు కంటే రెండున్నర సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. వెనక కాగితం మీద ఆ జరుగు చూసి దొంగ గుండు ఏదో తేల్చేస్తారు.

పెద్ద పోటీల్లో ఇప్పుడు లెక్క చేసేది ఎలక్ట్రానిక్ టార్గెట్. ధ్వనితో పనిచేసే రకంలో పెట్టె ముందూ వెనకా కాగితమో రబ్బరో మూసి ఉంటుంది, లోపల మైక్రోఫోన్లు. పెల్లెట్ దూరిన చప్పుడు ఏ మైక్రోఫోనుకు ఎంత ముందు చేరిందో చూసి చోటు లెక్కగడతారు. సెకనుకు 340 మీటర్లు పోయే ధ్వనికి మిల్లీమీటరులో పదో వంతు దాటడానికి పట్టేది సెకనులో ముప్పై లక్షల్లో సుమారు ఒక వంతు. ఎండకు ధ్వని వేగం మారుతుంది కాబట్టి లోపలి వేడిని కూడా కొలుస్తూ ఉండాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. స్వర్ణ విజేత స్కోరు 702.1. అలాంటి దశాంశాలు తేల్చడం పెట్టె పని.

అయినా ఈ రకం పెట్టెలో కాగితం మిగిలే ఉంది. అప్పటికే చిల్లు పడినచోట రెండో పెల్లెట్ దూరితే చప్పుడు రాదు, యంత్రానికి తెలియదు. అందుకే ప్రతి కాల్పు తరవాత నల్ల కాగితపు చుట్ట కొంచెం జరిగి కొత్త ముఖం చూపిస్తుంది. యంత్రం చెప్పిన స్కోరును ఎవరైనా సవాలు చేస్తే జ్యూరీ చేసే పనుల్లో ఒకటి ఆ నల్ల చుట్టనూ, పెట్టె వెనక బిగించిన అట్టనూ ఊడదీసి, ఏ వరసదో, ఏ వైపు పైకి ఉందో వాటి మీద రాసి పెట్టుకోవడం.