ఇరవై ఎనిమిది రోజులు ఆగాల్సిందే!

రేపు పొద్దున ఇడ్లీ కావాలంటే అమ్మ ఎప్పుడు పప్పు నానబోస్తుంది? ముందురోజే కదా! చట్నీ పది నిమిషాల్లో అవుతుంది. పిండి పులవడానికి మాత్రం రాత్రంతా కావాలి. ఏడాదిపాటు సాగే ఇంజనీరింగ్ ప్రాజెక్టు రహస్యం కూడా ఇందులోనే ఉంది.

పులివెందులలో 2006లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమైంది. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు చివరి సంవత్సరంలో ఒక ప్రాజెక్టు చేసి నివేదిక ఇవ్వాలి. అటువంటి విద్యార్థి ఒకడు ఈ ప్రశ్న తీసుకున్నాడనుకుందాం: జమ్మలమడుగు ప్రాంతంలో నాపరాళ్లను పాలిష్ చేసినప్పుడు మిగిలే పొడిని కాంక్రీటులో కొంత ఇసుకకు బదులు వాడవచ్చునా? ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఇసుక ఉంది, జమ్మలమడుగులో పొడి ఉంది. ఇక ఆలస్యం దేనికి?

లెక్క వేద్దాం. పొడి లేని కాంక్రీటు ఒక రకం. ఇసుకలో నూటికి పది, ఇరవై, ముప్పై పాళ్లు తీసి పొడి కలిపినవి మూడు రకాలు. ఒక్కో రకానికి 15 సెం.మీ. ఘనాలు ఆరు పోయాలి. మూడింటిని 7వ రోజున, మూడింటిని 28వ రోజున యంత్రంలో నొక్కి పగలగొడతారు. మొత్తం 24 ఘనాలు.

28 రోజులు ఎందుకు? సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. అందుకే ఘనాలను నీటిలోనే ఉంచుతారు. ఏడు రోజులకు సుమారు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. ఈ పరీక్షలో ఆ చర్యను తొందరపెట్టకూడదు.

ఈ సంగతి నాకు అనుభవంతోనే తెలిసింది. ఒకసారి వైజ్ఞానిక ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు మా పిల్లల చేత చిన్న సిమెంటు దూలం పోయించాను. అందరూ చూస్తుండగా బరువు పెట్టగానే అది పుటుక్కున విరిగింది. పిల్లల మొహాలు చిన్నబోయాయి. తప్పు సిమెంటుది కాదు, నాది!

కాబట్టి మన విద్యార్థి చివరి నుంచి వెనక్కు లెక్కించాలి. నివేదిక ఏప్రిల్ మొదట్లో ఇవ్వాలి. రాయడానికి మార్చి కావాలి. అంటే ఆఖరి పరీక్ష ఫిబ్రవరి చివరికి, ఘనాలు పోయడం జనవరి చివరికి ముగియాలి. ఒక జట్టు చెడిపోతే మళ్లీ 28 రోజులు! అందుచేత డిసెంబరు చివరికే పోసేయడం మంచిది. పుస్తకాలు చదవడం, పటాలు గీయడం ఘనాలు నీటిలో ఉండగా చేసుకోవచ్చు.

ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ఆ పనుల వరుసను ‘సంకట మార్గం’ అనవచ్చు. దానిని కనిపెట్టే పద్ధతిని 1957లో అమెరికాలో వాకర్, కెల్లీ అనేవారు రూపొందించారు.

మరి పని ఎంతవరకు వచ్చిందో తెలిసేదెలా? “సగం అయింది సార్” అంటే చాలదు. ప్రతి శనివారం నోటుపుస్తకంలో మూడు గడులు నింపాలి: 24లో పోసినవి ఎన్ని, పరీక్షించినవి ఎన్ని, మిగిలిన రోజులు ఎన్ని. అంకెలు మొహమాటపడవు.

మీరూ ఈసారి ప్రదర్శనకు ఒక నమూనా తలపెట్టండి. అందులో తొందరపెట్టలేని పని ఏదో ముందుగా వెతకండి. దానిని ఈరోజే మొదలుపెట్టండి!