వృద్ధుల ఔషధసేవ – గృహిణి యెఱుగవలసిన సంగతులు

మన యిండ్లలో పెద్దలకు వేళకు మందు నందించు భారము తఱచుగా స్త్రీలదే యైయున్నది. వైద్యుడు చీటి వ్రాయును. మగవారు అంగడినుండి తెత్తురు. కాని పరగడుపున నేది, భోజనమైన పిదప నేది, రాత్రి నిద్రకు ముందేది యని గుర్తుంచుకొని, మంచినీళ్లతో వారి మంచముకడకు పోవునది గృహిణియే. ఇంత ముఖ్యమైన పనిని మనము ఎంతవఱకు తెలిసి చేయుచున్నాము? నన్ను నేనీ ప్రశ్న వేసికొనవలసిన సమయము 2014వ సంవత్సరమున వచ్చినది. అది వచ్చిన తీరు చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నను, నావలె మఱియొకరు పొరపడకుండుటకై చెప్పుచున్నాను.

మా యత్తగారికి అప్పటికి 78 ఏండ్లు. మధుమేహమునకు గ్లిబెన్‌క్లమైడ్ అను మాత్రను 12 ఏండ్లుగా పుచ్చుకొనుచుండిరి. దానివలన నామెకు ఏనాడును కీడు కలుగలేదు. ఆ యేడు మాత్రము ఆమె చిక్కిపోయిరి, ఆహారము తగ్గెను. మోకాళ్ల నొప్పులకై, ఇరుగుపొరుగువారు మంచిదని చెప్పిన యొక మాత్రను అంగడినుండి తెప్పించి, రెండు మాసములుగా నిచ్చుచుంటిని. కార్తికశుద్ధ యేకాదశినాడు ఆమె యెప్పటివలెనే యుపవసించిరి. "ఈ దినము మందు మానుదురా అత్తయ్యగారూ?" అని యడిగితిని. "ఉపవాసము అన్నమునకే గాని మందునకు కాదు గదమ్మా!" అని నవ్వి మాత్ర వేసికొనిరి.

మఱునాడు పారణవేళ యగుచున్నను ఆమె లేవలేదు. పిలువగా కన్నులు తెఱచి, ఎన్నడో గతించిన తన చెల్లెలి పేరుతో నన్ను పిలిచి, మరల కన్నులు మూసిరి. ఉపవాసపు నీరసమనియు, ముసలితనపు మఱపనియు తలంచి, నిద్ర చెడగొట్టరాదని తలుపు దగ్గఱగా వేసి వచ్చితిని. ఆ గంటకాలమును తలంచుకొన్న నేటికిని నా గుండె జల్లుమనును. ఎదురింట నుండు నర్సు ఏదో పనిమీద వచ్చి, ఆమెను చూచి, వెంటనే వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించినది. 70 కంటె తగ్గకూడని చక్కెర 38 మాత్రమే యున్నది. మ్రింగగల స్పృహ యింకను మిగిలియుండుటచే, చక్కెరనీళ్లు కొంచెముకొంచెముగా త్రాగించి వైద్యశాలకు గొనిపోతిమి. అచ్చట రెండు దినములు నరము ద్వారా గ్లూకోజు ఎక్కించుచునే యుండవలసివచ్చినది. ఆపినప్పుడెల్ల చక్కెర మరల పడిపోవుచుండెను.

వైద్యురాలు నన్నడిగిన మొదటి ప్రశ్న "ఈమె ఏయే మందులు వాడుచున్నారు?" అనునది. పదునైదేండ్లుగా ఆ చేతికి మందిచ్చుచున్న నేను, "తెల్లనిదొకటి, గులాబిరంగుది చిన్నదొకటి, పొడుగుదొకటి" అని మాత్రమే చెప్పగలిగితిని. ఇంటినుండి మందులపెట్టె తెప్పించి బల్లపై గ్రుమ్మరించిరి. ముగ్గురు వైద్యులు వేర్వేఱు కాలములందు వ్రాసినవి, అంగడిలో నడిగి తెచ్చినవి కలిసి 11 రకములు తేలినవి. "పన్నెండేండ్లుగా పడిన మందు నేడేల పడలేదమ్మా?" అని నేనడుగగా, ఆమె యిచ్చిన ప్రత్యుత్తరము నాకు మఱపురాదు: "మందు మారలేదమ్మా, మనిషి మారినది."

ఈ సత్యము మన ప్రాచీనులకు తెలియనిది కాదు. శార్ఙ్గధర సంహితయందు ఔషధ ప్రమాణమును చెప్పుచు, శిశువునకు స్వల్పముగా నారంభించి 16 ఏండ్లవఱకు పెంచవలెననియు, అటుపై 70 ఏండ్లవఱకు ఒకే తీరున నుంచవలెననియు, ఆ మీదట బాలురకువలెనే మెల్లమెల్లగా తగ్గింపవలెననియు చెప్పబడినది. పసిబిడ్డకు పెద్దవారి మందు పోయరాదని మనమందఱము నెఱుగుదుము. వృద్ధులకు నట్టి విచారణ వలయునని మాత్రము మఱచుచున్నాము.

వయస్సుతో శరీరమున కలుగు మార్పులను నేటి శాస్త్రము స్పష్టముగా చెప్పగలుగుచున్నది. వార్ధక్యమున దేహమందలి నీటిపాలు తగ్గును, కండ తఱుగును, క్రొవ్వుపాలు పెరుగును. నీటిలో కరగు మందు తక్కువ నీటిలో చేరుటచే చిక్కనగును. క్రొవ్వులో కరగు మందు అందు చేరి, త్వరగా వదలిపోదు. నిద్రకును ఆందోళనకును ఇచ్చు డయాజిపామ్ దీనికి తార్కాణము. 20 ఏండ్లవారి రక్తములో నది సగమగుటకు దాదాపు 20 గంటలు పట్టగా, 80 ఏండ్లవారిలో దాదాపు 90 గంటలు పట్టుచున్నదని 1975లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. అనగా నిన్నటి మాత్ర పోకమునుపే నేటిది చేరును. ఈ రెండును ఉండగనే రేపటిది చేరును. పగలు తూగుట, అడుగు తడబడుట, మాట మఱచుట – ఇవి వయస్సు దోషములని మన మనుకొనుచుండగా, మాత్ర దోషములై యుండవచ్చును.

మందును విఱిచి మార్చునది కాలేయము. వయస్సుతో దాని పరిమాణమును, దానికి చేరు రక్తమును తగ్గును. మందును వెలికి పంపుటలో మూత్రపిండములకు గొప్ప పాలు గలదు. వీనిశక్తి సాధారణముగా నడివయస్సునుండియే క్రమముగా తగ్గుచు వచ్చును. ఇందొక మోసము కలదు. మూత్రపిండముల స్థితి తెలిసికొనుటకై రక్తములో క్రియాటినిన్ అను పదార్థమును కొలుతురు. అది కండనుండి పుట్టునది. కండ తఱిగిన వృద్ధులలో అది తక్కువగానే పుట్టును గనుక, మూత్రపిండములు నీరసించినను కాగితముమీది యంకె నిర్దోషముగానే కనబడవచ్చును. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను వైద్యులు ప్రకటించిన లెక్కను చూడుడు. క్రియాటినిన్ 1 ఉన్న 30 ఏండ్ల స్త్రీ 55 కిలోల బరువున్నచో, ఆమె మూత్రపిండములు నిమిషమునకు సుమారు 71 మిల్లీలీటర్లు వడకట్టుచున్నవని తేలును. అదే యంకె 1 ఉన్న 80 ఏండ్ల స్త్రీ 45 కిలోల బరువున్నచో, ఆ లెక్క సుమారు 32కు దిగును. అంకె యొక్కటే, శక్తి సగమైనను లేదు. కావుననే వైద్యునికి వృద్ధుల వయస్సును బరువును తప్పక చెప్పవలయును.

ఈ భేదమును గమనింపకపోయినచో నేమగునో లోకమునకు చాటిన యుదంతమొకటి కలదు. 1980లో బ్రిటనునందు కీళ్లనొప్పులకు బెనాక్సాప్రొఫెన్ అను మందు ఓప్రెన్ అను పేరుతో అమ్మకమునకు వచ్చినది. కీళ్లనొప్పులు పెద్దలకే యెక్కువ గనుక పెద్దలే దానిని విశేషముగా వాడిరి. కాని వారి దేహములనుండి ఆ మందు మెల్లగా మాత్రమే వెడలుచుండెను. కాలేయమును మూత్రపిండములును చెడి పలువురు వృద్ధులు మరణించిరి. 1982 ఆగస్టులో దాని యమ్మకమును నిలిపివేసిరి. ఏ మందైనను దానిని వాడబోవు వయస్సువారిలో పరీక్షింపవలెనను విచారము ఆ తరువాత బలపడినది. అమెరికాలో 1991లో మార్క్ బీర్స్ అను వైద్యుడు సహచరులతో గూడి, వృద్ధులకు సాధ్యమైనంతవఱకు నీయరాని మందుల పట్టిక నొకటి సిద్ధపఱచెను. ఆయన పేరనే పిలువబడు ఆ పట్టికను అచ్చటి వృద్ధవైద్య సంఘము 2023లో మరల సవరించి ప్రకటించినది. మా యత్తగారు పుచ్చుకొనుచుండిన గ్లిబెన్‌క్లమైడ్ ఆ పట్టికలో నున్నది. డయాజిపామ్ మొదలగు నిద్రమాత్రలును, జలుబునకు మనము నిర్భయముగా వేయు క్లోర్ఫెనిరమైన్ కూడ నున్నవి. ఈ కడపటిది వృద్ధులలో మలబద్ధమును, మూత్రపు అడ్డంకిని, మనస్సు కలతను కలిగింపవచ్చును.

ఇక మా యింటి కథకు వచ్చెదను. ఆ 11 రకములను వైద్యురాలు ఒక్కొక్కటిగా విడదీసి చూపగా, మా యజ్ఞానము వరుసగా బయటపడినది. రక్తపుపోటునకు అమ్లోడిపిన్ అను మందు రెండు వేర్వేఱు పేరులతో, ఇరువురు వైద్యుల చీటీలమీద నడచుచున్నది. ఆ మందు కొందఱికి చీలమండలయందు వాపు పుట్టించును. మా యత్తగారికి పాదములు వాచినవి. అది క్రొత్త వ్యాధి యనుకొని నీరు తీయు మాత్ర తెచ్చితిమి. దానివలన రాత్రి పలుమారులు లేవవలసివచ్చి నిద్ర చెడినది. నిద్రకై మఱియొక మాత్ర వచ్చినది. ఇట్లు ఒక మందు చేసిన బాధకు మఱియొక మందు, దాని బాధకు ఇంకొకటి, గొలుసువలె పెరిగినవి. అంతటితో నాగక, రక్తపుపోటునకే యిచ్చు ఎనలాప్రిల్, నీరు తీయు మాత్ర, నేను తెప్పించిన నొప్పిమాత్ర – ఈ మూడును కూడి మూత్రపిండములను క్రుంగదీసినవి. వెలికి పోవలసిన చక్కెరమందు పోలేక నిలిచినది. ఆపై ఉపవాసము. పడుచువారికి చక్కెర తగ్గినచో చెమట, వణకు, ఆకలి ముందుగా హెచ్చరించును. వృద్ధులకు ఆ గుర్తులు లేకయే మగతయు పలవరింతయు రావచ్చును. దానినే నేను ముసలితనమని తలుపు వేసితిని.

ఈ యనుభవమువలన నేర్చిన మెలకువలను సోదరీమణులకు మనవి చేయుచున్నాను.

ఇంటిలోని వృద్ధులు వాడు మందులన్నిటికిని ఒక చిన్న పుస్తకము పెట్టుడు. మాత్రపై నచ్చువేసిన వ్యాపారనామమేగాక లోపలి మందు పేరును, మోతాదును, వేళను, ఎవరెందులకు వ్రాసిరో దానిని వ్రాయుడు. డోలో యన్నను క్రోసిన్ అన్నను లోపలనున్నది పారాసిటమాలే. పుస్తకముంటే ఇట్టి జంటలు పట్టుబడును. పసరులు, చూర్ణములు, లేహ్యములు, కంటిచుక్కలు కూడ వ్రాయవలెను. కీళ్లనొప్పుల పొడులని పేరు లేకుండ అమ్మువానిలో కొన్నింట స్టిరాయిడు కలిపియుండుట పరీక్షలలో బయటపడినది.

ఆ పుస్తకమును, మందులపెట్టెను వైద్యునికడకు ఆఱునెలలకొకసారియైనను గొనిపోయి, "వీనిలో నింకను అవసరమైనవి ఏవి?" అని యడుగుడు. ఇది వైద్యుని శంకించుట కాదు. ఆయన పనికి తోడ్పడుట. క్రొత్త బాధ యేదైన కలిగినప్పుడు, అది క్రొత్త వ్యాధియా, పాత మందు ఫలమా యని మొదట విచారింపవలెను.

చక్కెరమందు వాడువారు ఉపవాసమునకు పూర్వమే వైద్యుని యడిగి ఏ మాత్ర తగ్గింపవలెనో, ఏది మానవలెనో తెలిసికొనవలెను. వారు అకారణముగా మగతగా నున్నను, పొంతనలేక మాటలాడినను చక్కెర పరీక్ష చేయింపుడు. మ్రింగగలిగినచో మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి యిండు. స్పృహ లేనివారి నోట నేమియు పోయకుడు. తేఱుకొన్నను వైద్యశాలకు గొనిపోవలెను. రక్తపుపోటు మందులవారు రాత్రి లేచునప్పుడు మంచముపై కొంచెముసేపు కూర్చుండి, పిదప నిలువవలెను.

ఒక హెచ్చరిక. దీనిని చదివి భయపడి, పెద్దల మందులను మీయంతట మీరు మానిపింపకుడు. గుండెమందులు కొన్ని, మూర్ఛమందులు, స్టిరాయిడ్లు, చిరకాలము వాడిన నిద్రమాత్రలు ఒక్కమాఱుగా మానుట ప్రాణాపాయకరము కావచ్చును. తగ్గించుట కూడ వైద్యమే. దానిని వైద్యుడే చేయవలెను.

మా యత్తగారు కోలుకొనిరి. వైద్యురాలు కొన్ని మాసములలో 11 రకములను 5కు దించినది. పాదముల వాపు తీసినది. రాత్రి నిద్ర వచ్చినది. పేరులు తడబడుట మానినది. ఆ తరువాత నామె ఆఱేండ్లు మాతో సుఖముగా జీవించిరి. ఏకాదశినాడు మాత్రము వైద్యురాలి మాటప్రకారము పాలును పండ్లును పుచ్చుకొనుచు, "నీ పుస్తకము ఒప్పుకొన్నదటమ్మా?" అని నన్ను పరిహసించుచుండిరి. ఆ పుస్తకము నేటికిని మా వంటయింటి గూటిలో నున్నది. మొదటి పుటలలో ఆమె పేరున్నది. తరువాతి పుటలలో ఈ నడుమ మా వారి పేరును, నా పేరును చేరినవి. మా కోడలికి అది చదువుట నేర్పితిని.