తీపి చాలదనిపించడానికి కారణమేమి?

పాడిపశువుకు మేత ఒక్కసారిగా మార్చరాదని సభ్యులందరికీ తెలిసినదే. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మన పేగులలోనూ కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉన్నవి. తినే తిండినిబట్టి అవీ మారుతుంటాయి.

వీటికీ తీపిమీది మోజుకూ సంబంధమున్నది. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, పేగులలో సూక్ష్మజీవులు లేకుండా పెంచిన చిట్టెలుకలు మామూలు వాటికంటె చిక్కని పంచదార నీళ్లను ఎక్కువగా తాగినవి.

స్థూలకాయం నాలుకనూ దెబ్బతీస్తుంది. రుచిని తెలిపే మొగ్గలలోని కణాలు సుమారు 10 రోజులకొకసారి పోయి కొత్తవి పుడుతుంటాయి. 2018లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు చిట్టెలుకలకు 8 వారాలు కొవ్వు ఎక్కువగల మేత పెట్టగా, లావెక్కిన వాటిలో రుచి మొగ్గలు సుమారు 25 శాతం తగ్గినవి. అదే మేత తిన్నా లావెక్కని రకం ఎలుకలలో తగ్గలేదు. కొవ్వు పేరుకొన్నప్పుడు శరీరంలో కలిగే వాపే ఇందుకు కారణమని తేల్చారు. మనిషికీ రుచి మందగిస్తే పంచదార చాలదనిపిస్తుంది. మరో చెంచా వేసుకొంటాడు. ఒళ్లు ఇంకా పెరుగుతుంది.

అయితే నాలుకను దారికి తేవచ్చును. 2016లో వెలువడిన మరొక పరిశోధనలో, పంచదార తగ్గించినవారికి మూడవ నెలనాటికి, తగ్గించనివారికంటె అదే పదార్థం ఎక్కువ తియ్యగా తోచినది.

కాబట్టి టీ, కాఫీలలో పంచదార రెండు వారాలకు అర చెంచా చొప్పున తగ్గించండి. పెరుగు, మజ్జిగలలో కలపకండి. పప్పులు, ఆకుకూరలు పెంచండి. వాటిలోని పీచు పేగులలో మేలుచేసే సూక్ష్మజీవులకు మేత. మూడు నెలలు ఓపిక పట్టండి.