కిల్‌డేర్ విలేజ్‌లో కోటు కొంటే

ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే డబ్లిన్ మనవాళ్ళు చాలామంది కిల్‌డేర్ విలేజ్ చూపిస్తారు. ఇంగ్లాండులో బిస్టర్ అనే సంత ఊళ్ళో 1995లో మొదలైన విలేజ్ వరసలోదే. ఇక్కడ 2006లో తెరిచారు. వీధికి రెండువైపులా కొట్లు, పైన కప్పుండదు, గొడుగు మరవకండి. పాత సీజన్ సరుకు తగ్గింపు ధరకిస్తారు.

పెద్దల బట్టల ధరలో 23 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. యూరప్ బయటినుంచి వచ్చినవాళ్ళకు కమిషన్ పోగా అది తిరిగొస్తుంది, ఇక్కడ నివసించే మనకు రాదు. మా అత్తగారి కోటు నా పేరు మీద కొని ఆ డబ్బు పోగొట్టుకున్నాను. కొట్లోనే వాళ్ళ పాస్‌పోర్టు చూపించి ఫారం అడగండి. చిన్నపిల్లల బట్టలకు వ్యాటే లేదు, అడగక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో కస్టమ్స్‌వాళ్ళు చూపించమనవచ్చు, కోటు పెట్టె అడుగున సర్దకండి.