నీళ్ళు కారే కన్నూ పొడి కన్నే

"కళ్ళు పొడిబారాయంటారేంటి డాక్టర్ గారూ? బండి మీద వెళ్తుంటే ధారగా నీళ్ళు కారిపోతుంటేనూ!" కంటి ఆసుపత్రుల్లో రోజూ వినిపించే మాట ఇది. సందేహం సబబైనదే. కానీ డ్రై ఐ అని మనమంతా పిలిచే ఈ జబ్బులో నీళ్ళు కారడమూ ఒక లక్షణమే.

కంటి నల్లగుడ్డుకు ముందు అద్దంలా ఉండే పారదర్శక పొర కార్నియా. దీని మీద ఉండే నరాల చివరలు చర్మంలో కంటే కొన్ని వందల రెట్లు దట్టంగా ఉంటాయి. పైన తడి ఆరగానే ఆ నరాలు మెదడుకు కబురు పంపుతాయి. వెంటనే కనుబొమ్మ చివర కింద దాగి ఉన్న కన్నీటి గ్రంథి నీళ్ళు వదులుతుంది. నలక పడినప్పుడో ఉల్లిపాయ కోసినప్పుడో వచ్చే నీళ్ళు ఈ రకానివే. కంటిని కడగడానికి అవి పనికొస్తాయి గానీ కంటి మీద నిలవవు. చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్ళీ ఆరిపోతుంది.

కంటి మీద నిలిచే తడి వేరు. దాని మందం సుమారు 3 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. అంత పల్చటి పొరలోనూ మూడు పదార్థాలుంటాయి. అడుగున కార్నియాను అంటిపెట్టుకునే జిగురు, మధ్యలో నీరు, పైన నూనె. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె లోపలికి గాలి తగలనివ్వనట్టే, ఈ నూనె తెర నీటిని ఆవిరి కానివ్వదు. ఆ నూనె రెప్పల అంచుల నుంచి వస్తుంది. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా సన్నటి గ్రంథులు నిలువుగా వరుసకట్టి ఉంటాయి. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరు మీదే వీటిని మైబోమియన్ గ్రంథులంటున్నారు.

రెప్ప వేసిన ప్రతిసారీ ఈ గ్రంథులు కాస్త నూనె చిందిస్తాయి. మామూలుగా నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాం. కంప్యూటర్ ముందో ఫోన్ ముందో కూర్చుంటే అది సగానికీ అంతకంటే తక్కువకూ పడిపోతుంది. వేసిన రెప్ప కూడా చాలాసార్లు పూర్తిగా మూతపడదు. బయటికి రాని నూనె లోపలే చిక్కబడుతుంది, గ్రంథి నోరు పూడుకుపోతుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే గ్రంథి ఎండి కుంచించుకుపోతుంది. అలా పోయినదాన్ని తిరిగి మొలిపించే మందు లేదు.

కాబట్టి డ్రై ఐ అంటే ఒకే జబ్బు కాదు. కొందరికి నీరే తక్కువ ఊరుతుంది. ఇంకొందరికి నీరు సరిపడా ఉన్నా నూనె లేక ఆవిరైపోతుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. వీటిలో నూనె లోపమే ఎక్కువ. మెడికల్ షాపులో దొరికే కన్నీటి చుక్కలు మాత్రం చాలావరకు నీటి లోటు పూడ్చేవే. సీసాలు మారుస్తూ ఏళ్ళు గడిపినా మంట తగ్గలేదనే వాళ్ళ ఇబ్బందికి మూలం తరచూ ఇక్కడే ఉంటుంది.

ఏది తక్కువో తేల్చే పరీక్షలు పెద్ద ఖరీదైనవి కావు. ఒకటి 1903లో ఒట్టో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు చెప్పినది. సన్నటి వడపోత కాగితం ముక్క కొన మడిచి కింది రెప్ప లోపల తగిలిస్తారు. ఐదు నిమిషాల్లో తడి 5 మిల్లీమీటర్లు కూడా పాకకపోతే నీరు బాగా తక్కువని అర్థం. రెండోదానికి ఫ్లోరెసీన్ అనే పసుపు రంగు అద్ది, స్లిట్ ల్యాంప్ అనే పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. నీలి వెలుగులో కన్నంతా ఆకుపచ్చగా మెరుస్తుంది. "రెప్ప వేయకుండా అలాగే చూడండి" అంటారు. చూస్తుండగానే ఆ ఆకుపచ్చలో ఒకచోట నల్లటి మచ్చ తేలుతుంది. పొర చిరిగిన చోటు అది. పది సెకన్లలోపే చిరిగితే పొరకు నిలకడ లేనట్టే. తర్వాత డాక్టర్ రెప్ప అంచును వేలితో మెల్లగా నొక్కుతారు. ఆరోగ్యమైన గ్రంథి నుంచి పారదర్శకమైన నూనె వస్తుంది. మూసుకుపోయినదాని నుంచి తెల్లటి ముద్ద వస్తుంది, లేదా ఏమీ రాదు.

లోపం నూనెదైతే మొదటి వైద్యం వేడి కాపడం. ముద్దకట్టిన నూనె కరగాలంటే రెప్పలకు సుమారు 40 డిగ్రీల వేడి, ఐదు నుంచి పది నిమిషాల పాటు అందాలి. వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. అందుకే గుడ్డ మారుస్తూ ఉండాలి, లేదా వేడి నిలుపుకునే కంటి మాస్కు వాడాలి. తర్వాత రెప్పలను అంచు వైపుగా మెల్లగా ఒత్తాలి. రోజూ చేస్తేనే ఫలితం.

లోపం నీటిదైతే చుక్కలు కావాలి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కంట్లో నిత్యం ఉండే నీరు 7 మైక్రోలీటర్లు. సీసా నుంచి పడే ఒక్క చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. వెంటనే రెండో చుక్క వేస్తే అది చెంపకే. రోజుకు నాలుగైదు సార్లకు మించి వేయాల్సి వస్తే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ లేని చుక్కలు అడగాలి. సీసాలో సూక్ష్మజీవులు చేరకుండా కలిపే ఆ రసాయనమే కంటి పైపొర కణాలను దెబ్బతీస్తుంది. అలాగని ప్రిజర్వేటివ్ లేనివన్నీ భద్రమని కాదు. 2023లో అమెరికాలో కలుషితమైన కన్నీటి చుక్కల వల్ల మొండి బాక్టీరియా సోకి కొందరు చూపు పోగొట్టుకున్నారు, నలుగురు చనిపోయారు. ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాలు మేలు. రోజ్ వాటర్, తేనె, చనుబాలు కంట్లో వేయడం మాత్రం ఇన్ఫెక్షన్‌ను పిలిచి కూర్చోబెట్టడమే.

నీరు తగ్గి ఉప్పదనం పెరిగిన కన్నీరు కంటి పైపొరలో వాపు రేపుతుంది. ఆ వాపు జిగురు ఊరే కణాలను చంపుతుంది. జిగురు పోతే పొర మరింత త్వరగా చిరుగుతుంది. ఈ చక్రాన్ని ఆపేది వాపు తగ్గించే మందే. అమెరికాలో 2002లో అనుమతి పొందిన సైక్లోస్పోరిన్ చుక్కలు అలాంటివే. మొదట్లో ఇవి మండుతాయి, గుణం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండు వారాలకే "ఇదీ పనిచేయలేదు" అని మానేసేవాళ్ళు ఎక్కువ. పోనీ అందరికీ పనిచేస్తుందా అంటే, అదీ లేదు. అనుమతికి ఆధారమైన పరీక్షల్లో షిర్మర్ కొలత 10 మిల్లీమీటర్లు పెరిగినవాళ్ళు నూటికి 15 మందే. మందు లేని ఉత్త చుక్కలతో 5 మంది. స్టెరాయిడ్ చుక్కలు త్వరగా ఉపశమనం ఇస్తాయి గానీ, చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది.

పొడి కంటికి మింగే చేపనూనె మాత్రల సంగతి 2018లో తేలింది. డ్రీమ్ అనే పరిశోధనలో 535 మందిని ఏడాది పాటు గమనిస్తే, రోజుకు 3 గ్రాముల ఒమేగా-3 తిన్నవాళ్ళకూ ఆలివ్ నూనె తిన్నవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొత్త మందుల్లో చెప్పుకోవాల్సింది 2023లో అమెరికాలో వచ్చిన పెర్‌ఫ్లోరోహెక్సిలాక్టేన్. ఈ చుక్కల్లో నీరే ఉండదు. పని అంతా ఆవిరిని ఆపడమే.

జబ్బు మరీ ముదిరితే, ముఖ్యంగా మందులు వికటించి వచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తర్వాత, ద్రవాన్ని కంటి మీద నిలిపి ఉంచే స్క్లీరల్ లెన్సులు వాడతారు. పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను కంటికి అతికే శస్త్రచికిత్స కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు ఇందులో పనిచేస్తున్నారు.

కన్ను ఎండటానికి మూలం ఒంట్లో ఎక్కడో ఉండొచ్చు. నోరూ ఎండిపోయి, నీళ్ళు తాగనిదే అన్నం ముద్ద దిగక, కీళ్ళూ నొప్పెడుతుంటే షోగ్రెన్ జబ్బేమో చూడాలి. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో 19 మంది స్త్రీలను పరిశీలించి దీన్ని వివరించాడు. ఇప్పటికీ బాధితుల్లో పదికి తొమ్మిది మంది స్త్రీలే. అలర్జీ మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, కొన్ని డిప్రెషన్ మందులు కూడా కంటిని ఎండబెడతాయి. పరీక్షలన్నీ బాగున్నా మంట ఆగనివాళ్ళు ఇంకొందరున్నారు. మత్తు చుక్కలు వేశాక కూడా నొప్పి తగ్గకపోతే తేడా నరాల్లో ఉందని అనుమానించాలి. అలాంటివారికి ఎన్ని చుక్కలు వేసినా దండగే.

మీరు వాడే మాత్రల చీటీలన్నీ వెంట తీసుకెళ్ళండి. మంట పొద్దున్న ఎక్కువో సాయంత్రం ఎక్కువో చెప్పండి. ఫ్యాన్ కింద రెప్పలు సరిగా మూతపడక నిద్రపోయేవాళ్ళకు లేవగానే మండుతుంది, స్క్రీన్ ముందు గడిపేవాళ్ళకు పొద్దు పోయేకొద్దీ పెరుగుతుంది. తర్వాత సూటిగా అడగండి: "నాది నీటి లోపమా, నూనె లోపమా, రెండూనా?" ఈ జబ్బు చాలామందికి పూర్తిగా పోదు, కానీ అదుపులో ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే సీసా మార్చాలా, కాపడం మొదలుపెట్టాలా, మొదలుపెట్టిన మందునే ఓపిగ్గా ఆరు నెలలు వాడాలా అన్నది తేలుతుంది.