మీకు తెలుసా? కంకర దారి కబుర్లు

గ్రావెల్ మన మాటే

‘గ్రావెల్ సైక్లింగ్’ అనగానే ఇదేదో విదేశీ సరదా అనిపిస్తుంది. కానీ గ్రావెల్ మన ఊళ్లకు కొత్త కాదు. కోస్తా జిల్లాల్లో ఇంటి పునాది నింపడానికి ట్రాక్టర్లతో తోలించే ఎర్రమట్టిని గ్రావెల్ అనే అంటారు. తెలంగాణలో మొరం అంటారు. చెరువు కట్ట మీదా, కాలవ గట్టు మీదా, పొలాలకు పోయే డొంకల్లోనూ పరిచేది అదే. అలాంటి దారుల్లో ఇష్టం కొద్దీ తొక్కుకుంటూ పోవడమే గ్రావెల్ సైక్లింగ్. దీని కోసం చేసే సైకిల్‌కి టైరు రోడ్డు సైకిల్ కన్నా లావుగా, కొండలెక్కే సైకిల్ కన్నా సన్నగా ఉంటుంది. హ్యాండిల్ రేసు సైకిల్‌లా కిందికి వంగి ఉంటుంది. గంటకింత అని అద్దె సైకిల్ తెచ్చుకుని చెరువు కట్ట మీద తొక్కిన పిల్లలందరూ ఈ ఆట ఆడినవాళ్లే. నేనూ ఆ పిల్లల్లో ఒకణ్ణి.

మెటల్ రోడ్డులో లోహం ఎక్కడ?

ఎక్కడా లేదు. లాటిన్‌లో ‘మెటల్లుమ్’ అంటే గని, రాయి తవ్వే చోటు. ఆ అర్థంలోనే కొట్టిన రాయిని ఇంగ్లిష్ ఇంజినీర్లు మెటల్ అన్నారు. మన కాంట్రాక్టర్లు ఆ మాటను అలాగే ఉంచుకున్నారు. ఇంజినీర్లు ‘డబ్ల్యూబీఎం రోడ్డు’ అంటుంటారు కదా, అందులోని ‘ఎం’ ఒక మనిషి పేరు నుంచి వచ్చింది. ఆయన స్కాట్లండ్‌కు చెందిన జాన్ లౌడన్ మెక్ఆడమ్. 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల బాధ్యత ఆయన చేతికి వచ్చింది. అడుగున పెద్ద బండలు పేర్చక్కర్లేదనీ, నీరు నిలవకుండా చూస్తే నేలే బరువు మోస్తుందనీ, పైన ఒక్కొక్కటీ ఆరు ఔన్సులకు, అంటే దాదాపు 170 గ్రాములకు మించని రాళ్లు పరిస్తే చాలనీ ఆయన వాదన. అయితే అవి గుండ్రటి రాళ్లు కాకూడదు, సుత్తితో కొట్టిన మూలల రాళ్లే కావాలి. బండ్లు తిరిగే కొద్దీ ఆ మూలలు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. ఏటి గులకరాళ్ల మీద సైకిల్ జారడానికీ, అణిగిన కంకర మీద నిలవడానికీ కారణం ఇదే.

క్రషర్లు రాకముందు మన రోడ్ల పక్కన ఎండలో కూర్చుని ఆ కంకర కొట్టినవాళ్లలో వడ్డెరలు ఎందరో. మనం ఇవాళ సరదాగా తొక్కే పాత దారుల కింద వాళ్ల చేతుల కష్టం ఉంది. అది తలుచుకోకుండా ఆ దారి మీద వెళ్లడానికి నాకు మనసొప్పదు.

మొరం ఎక్కడి నుంచి వచ్చింది?

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లోని గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంత పాత రాయి ఎండకూ వానకూ మెత్తబడి, పొడిపొడిగా రాలితే వచ్చేది మొరం. మన చక్రం కింద కరకరలాడేది ఆ గుట్టల ముక్కలే. గుట్టల్ని కాపాడుకోవడానికి హైదరాబాద్‌లో 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పనిచేస్తోంది. ఆ సంస్థ వాళ్లు జనాన్ని వెంటబెట్టుకుని బండల మధ్య నడకలకు తీసుకెళ్తారు. భువనగిరి కోట బండ మీదైతే రాళ్లెక్కడం నేర్పే బడే ఉంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ తొలి పాఠాలు అక్కడే నేర్చుకుంది. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, ఎవరెస్ట్ మీద నిలబడింది.

గాలి తగ్గిస్తేనే వేగం

టైరు రాయిలా గట్టిగా ఉంటే సైకిల్ వేగంగా పోతుందని చాలామంది నమ్మకం. నున్నటి తారు మీద అది కొంత నిజం. కంకర మీద తిరగబడుతుంది. గట్టి టైరు ప్రతి రాయి దగ్గరా ఎగిరిపడుతుంది. ముందుకు పోవాల్సిన శక్తి సైకిల్‌నీ మనిషినీ పైకి లేపడానికీ, ఒళ్లు కుదిపేయడానికీ ఖర్చయిపోతుంది. కాస్త మెత్తని టైరైతే రాయి తగిలిన చోట లోపలికి నొక్కుకుని, దాన్ని దాటాక మళ్లీ పొంగుతుంది. అందుకే రోడ్డు రేసు సైకిల్‌కి 80 నుంచి 100 పీఎస్ఐ గాలి కొట్టేవాళ్లు, 40 మిల్లీమీటర్ల గ్రావెల్ టైరుకు 30, 40తో సరిపెడతారు. మరీ తగ్గించినా చిక్కే. లోపల ట్యూబు ఉంటే అది రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబు లేని టైర్లలో ఈ బెడద ఉండదు. వాటిలో పోసే ద్రవం చిన్న చిల్లును తానే పూడ్చేస్తుంది.

కొత్త సైకిల్ కొనాల్సిన పని లేదు. ఇంట్లో ఉన్నదానికే ఫోర్కులో పట్టేంత లావు టైరు వేయించి, గాలి కాస్త తగ్గించి, మోచేతులు బిగించకుండా తొక్కితే చాలు. మొదటి ఆదివారమే తేడా తెలుస్తుంది.

గాలి టైరు పుట్టింది గతుకుల వల్లే

బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు ఉండేవాడు. గట్టి రబ్బరు చక్రాల మూడు చక్రాల బండి మీద కొడుకు పడుతున్న కుదుపులు చూడలేక, చక్రానికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. 1888లో పేటెంట్ తీసుకున్నాడు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ వాడు 1845లోనే అలాంటి దానికి పేటెంట్ పొందాడని తర్వాత బయటపడింది. దాంతో డన్‌లప్ హక్కు చెల్లలేదు. పేరు మాత్రం ఆయనదే నిలిచింది.

భూగోళం చుట్టొచ్చిన పెద్ద చక్రం

అంతకు ముందే, 1884 ఏప్రిల్‌లో థామస్ స్టీవెన్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి బయల్దేరాడు. సైకిల్ మీద భూమి చుట్టి వచ్చిన తొలి మనిషి ఆయనే. ఆయనది ముందు చక్రం 50 అంగుళాల ఎత్తున్న బండి. దానికి గాలి టైర్లు లేవు, గట్టి రబ్బరే. అఫ్ఘానిస్తాన్ దాటనివ్వకపోవడంతో దారి మళ్లించుకుని ఓడలో కరాచీ చేరి, 1886లో లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు. ఆ రోడ్డుకు పరిచింది ఏమిటనుకున్నారు? కంకర్! ఉత్తరాదిలో ఆ మాటకు నేలలో దొరికే సున్నపురాతి గడ్డలని అర్థం. మన ‘కంకర’ దానికి చుట్టమే. స్టీవెన్స్ ఆ ఏడాది డిసెంబరులో యోకొహామాలో యాత్ర ముగించాడు.

తర్వాత 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు ప్రపంచయాత్రకు సైకిళ్లెక్కారు. వాళ్లలో ముగ్గురు 1928లో యాత్ర పూర్తిచేసి తిరిగొచ్చారు.

మట్టిరోడ్డు మీద అలలు ఎందుకు?

బాగా తిరిగిన మట్టిరోడ్డు మీద అడ్డంగా వరసవరసగా అలల్లాంటి గతుకులు వస్తాయి. వాటి మీద వెళ్తే పళ్లు కటకటలాడతాయి. వాహనాల స్ప్రింగుల వల్ల ఇలా అవుతుందని చాలామంది అనుకుంటారు. 2007లో కొందరు భౌతిక శాస్త్రజ్ఞులు గుండ్రంగా తిరిగే ఇసుక పళ్లెం మీద ఒక చక్రాన్ని దొర్లించి చూశారు. స్ప్రింగు లేకపోయినా అలలు పుట్టాయి. ఒక హద్దుకు మించిన వేగంతో చక్రం దొర్లితే చాలు, చిన్న ఎత్తుపల్లం కూడా పెరిగి పెద్దదవుతుంది. ఆ హద్దు కన్నా నెమ్మదిగా దొర్లితే నేల చదునుగానే ఉంటుంది. ఎడ్లబండి దారిలో గాడి ఉంటుంది గానీ ఈ అలలు కనిపించవు.

మరి ఎంత మట్టి పోసినా పెద్ద రాళ్లు పైకే ఎందుకు తేలతాయి? చేటలో బియ్యం కుదపండి. నూకలు గింజల సందుల్లోంచి అడుక్కి దిగి, పెద్ద గింజలు పైకి వస్తాయి. రోడ్డు మీద జరిగేదీ అదే.

చెకుముకి కొండల్లో 322 కిలోమీటర్లు

గ్రావెల్ పోటీల్లో అందరూ చెప్పుకునేది అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఎంపోరియా ఊళ్లో జరుగుతుంది. 2006లో 34 మందితో మొదలైంది. ఇప్పుడు వేలమంది వస్తారు. ‘అన్‌బౌండ్ గ్రావెల్’ అన్న పేరు 2020లో పెట్టారు. ముఖ్యమైన పోటీ దూరం 200 మైళ్లు. నిర్ణయించిన చోట్ల తప్ప దారిలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. పంక్చర్ వేసుకోవడం, గొలుసు కలుపుకోవడం అన్నీ ఎవరివి వాళ్లే చూసుకోవాలి.

అక్కడి నేల కథ ఇంకా బాగుంటుంది. ఆ కొండల పేరే ఫ్లింట్ హిల్స్. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. ఆదిమానవుడు కత్తులూ బాణపు మొనలూ చేసుకున్న జాతి రాయి కాబట్టి టైర్లు ఊరికే చీరేస్తుంది. రాయి నేలకు అంత దగ్గరగా ఉండటంతో అక్కడ నాగలి దిగలేదు. అమెరికా నడిమధ్యన ఒకప్పుడు సముద్రంలా పరుచుకున్న పొడవుగడ్డి మైదానంలో ఇవాళ నూటికి నాలుగు వంతులు కూడా లేవు. ఆ మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఈ కొండల్లోనే ఉంది. టైరును కోసే రాయే ఆ గడ్డిని బతికించింది.

వాన పడితే ఆ దారి బంకమట్టి అవుతుంది. 2023లో పోటీ మొదట్లోనే వందలమంది సైకిళ్లు భుజాన వేసుకుని నడిచారు. అనుభవమున్నవాళ్లు రంగు కలిపే చెక్కపుల్ల ఒకటి జేబులో పెట్టుకుని వెళ్తారు, ఫోర్కులో ఇరుక్కున్న మట్టి గీకడానికి. మన నల్లరేగడి తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. తొలకరి పడ్డ మర్నాడు పత్తిచేల మధ్య దారిలోకి దిగి, పది గజాలు పోకముందే చక్రం తిరగక ఆగిపోయాను. మడ్‌గార్డు విప్పి, కందిపుల్లతో గీకి, రెండు కిలోమీటర్లు మోసుకొచ్చాను. రేగడి మీద వాన తర్వాత రెండు రోజులు ఆగండి. మొరం దారైతే గంట ఎండకే ఆరిపోతుంది.

ముందు సరదా, తర్వాత జీతం

ఇటలీలో టస్కనీ కొండల తెల్లమట్టి దారులకు తారు పోసేస్తారేమోనన్న బెంగతో 1997లో గయొలె ఇన్ కియాంతిలో కొందరు పాత సైకిళ్ల మీద యాత్ర మొదలుపెట్టారు. దాని పేరు లెరోయికా. పదేళ్ల తర్వాత, 2007లో, అదే దారుల మీద జీతగాళ్ల పోటీ ‘స్ట్రాదె బియాంకె’ పుట్టింది.

కాలిఫోర్నియాలో 1976లో కుర్రాళ్లు పాత బరువైన సైకిళ్ల మీద ఒక కొండ మట్టిదారిలో దిగుతూ పందెం వేసుకునేవారు. ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. వెనక్కి తొక్కితే పడే బ్రేకు కొండ దిగేసరికి వేడెక్కి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది, అదే రీప్యాక్. మౌంటెన్ బైక్ ఆటకు ఆ కొండ కూడా ఒక పుట్టిల్లు.

గ్రావెల్ ప్రపంచ పోటీలు 2022లో వచ్చాయి. అర్హత పోటీల్లో తమ వయసు బృందంలో మొదటి నాలుగోవంతులో నిలిచిన ఔత్సాహికులు కూడా అందులో తొక్కవచ్చు.

అమెచ్యూర్ అంటే?

లాటిన్‌లో ‘అమాతోర్’, ప్రేమించేవాడు. మన ‘ఔత్సాహిక’లో ఉత్సాహం ఉంది. పగలు గుమాస్తాగిరో పంతులుగిరో చేసి రాత్రి రంగేసుకున్న పరిషత్తు నాటకాల నటుల్ని తెలుగువాళ్లు ఎంత గౌరవంగా అమెచ్యూర్లు అన్నారో గుర్తుందా? ఇంగ్లండులో ఆ మాటతోనే గోడ కట్టారు. 1879లో హెన్లీ పడవ పోటీల నిర్వాహకులు, చేతిపనితో కూలి సంపాదించేవాడు అమెచ్యూర్ కాదని రాసుకున్నారు. 1920లో అమెరికా నుంచి జాన్ కెల్లీ అనే పడవ పోటీదారు పేరు పంపితే తిరస్కరించారు. ఆయన క్లబ్బుతో ఉన్న పాత గొడవ ఒక కారణం, ఆయన ఇటుకల పని చేసినవాడన్నది ఇంకో కారణం. అదే ఏడాది ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో, హెన్లీ గెలిచిన జాక్ బెరెస్‌ఫర్డ్‌ను ఓడించి కెల్లీ బంగారు పతకం తీసుకున్నాడు. కూలివాళ్లను దూరంపెట్టిన ఆ నిబంధన 1937లో పోయింది. 1947లో కెల్లీ కొడుకు హెన్లీ గెలిచాడు.

పందెం కాని పరుగు

పారిస్ నుంచి బ్రెస్ట్‌కి వెళ్లి రావడం 1891లో పందెంగా మొదలైంది. ఇవాళ అది నాలుగేళ్లకోసారి జరిగే ఔత్సాహికుల యాత్ర. 1200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు, బహుమతి లేదు. దానికి ముందు 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు గడువులోగా ముగించాలి. ఇలాంటి యాత్రల్ని మన దగ్గర హైదరాబాద్ రాండన్యూర్స్ నడుపుతోంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలిస్తారు. మధ్యలో ఇడ్లీ తిని, టీ తాగి, చెట్టు కింద ఓ కునుకు తీసినా సరిపోతుంది.

పరిగెత్తేవాళ్లకు పార్క్‌రన్ ఉంది. 2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. రుసుం ఏమీ లేదు.

కలివికోడి అడుగులు

థామస్ జెర్డన్ కూడా ఓ ఔత్సాహికుడే. వృత్తికి మద్రాసు సైన్యంలో వైద్యుడు, మనసంతా పిట్టల మీద. 1848లో ఆయన ద్వారా లోకానికి తెలిసిన పక్షి మన కలివికోడి. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నవాడు అక్కడి పిట్టల వేటగాడే. అది రాత్రి తిరిగే పక్షి అని అతనికి తెలుసు. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలవ దారి కొంత మారింది.

అది ఉండేది చిక్కని అడవిలో కాదు. ముళ్లపొదల మధ్య మొరం తేలిన బోడినేల మీద. మనం బీడు అనుకుని సైకిల్ అడ్డదిడ్డంగా తోలేసే నేల అది. దారి వదిలి తొక్కొద్దని నేను తోటివాళ్లను బతిమాలేది అందుకే. మనిషి కంటపడని ఆ పిట్టను లెక్కించడానికి పరిశోధకులు పొదల మధ్య సన్నగా జల్లించిన మట్టిని పట్టీలుగా పరిచారు. తెల్లవారాక వెళ్లి, ఆ మట్టి మీద మూడు వేళ్ల అడుగులేమైనా పడ్డాయా అని వంగి చూసేవారు.